తెరిచినట్టు తెలియని పెట్టె

మట్టిని మనిషిగా మలిచి, ఆ మనిషి వేళ్ళకు కూడా మలిచే నేర్పు ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఇన్నేళ్ళు చూపు మందగించకుండా, కత్తి పట్టిన చెయ్యి వణకకుండా కాపాడినందుకు ఆయన నామానికే మహిమ. నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అది ఆయనది. ఇక్కడ ఎక్కువగా రాయబోయేది నేను చెడగొట్టిన పని గురించి. అది పూర్తిగా నాది.

నా పేరు జీవరత్నం. బెజవాడ ఆటోనగర్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ముప్ఫై నాలుగేళ్ళు అట్టపెట్టెలు తయారుచేశాను. మందుల పెట్టెలు, స్వీట్ల పెట్టెలు, బల్బుల పెట్టెలు, చివరి తొమ్మిదేళ్ళూ బొమ్మల పెట్టెలు. కార్డు మీద ప్యాకేజింగ్ డిజైనర్ అని ఉండేది. మా అమ్మ మాత్రం చివరిదాకా ‘మావాడు డబ్బాలు చేస్తాడు’ అనే చెప్పింది. ఆవిడ చెప్పిందే సరైన మాట.

మా సంఘంలో ఈ ఏడు ఇద్దరు అమ్మాయిలు ప్యాకేజింగ్ డిజైన్ కోర్సులో చేరారు. పని ఎలా ఉంటుంది అంకుల్ అని అడిగారు. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద నిలబడి చెప్పే సంగతి కాదని రాస్తున్నాను. ఓపిక తగ్గింది. వరస తప్పితే మన్నించాలి.

స్కూటర్ పరీక్ష

పెట్టె చెయ్యడమంటే రంగులు వెయ్యడమనుకుంటారు. అది ఆఖర్న వచ్చే పని. ముందు తెల్ల అట్ట తీసుకుని, కోసి, మడిచి, అచ్చు లేని ఉత్త పెట్టె ఒకటి చెయ్యాలి. దాన్ని డమ్మీ అంటాం. అందులో వస్తువు పెట్టి ఊపాలి, ఎత్తు నుంచి పడెయ్యాలి, పైన బరువు పెట్టాలి.

మా యజమాని సుబ్బారావు గారికి ఇంకో పరీక్ష ఉండేది. డమ్మీని స్కూటర్ డిక్కీలో పడేసి గన్నవరం దాకా వెళ్ళి వచ్చేవారు. హైవే మీద కాదు, లోపలి గతుకుల రోడ్ల మీద. గన్నవరంలో ఒక బొమ్మల కంపెనీ మాకు మొదటిసారి పని ఇచ్చినప్పుడు కూడా అలాగే వెళ్ళొచ్చారు. జానెడు పొడవుండే వీరుల బొమ్మలవి. మెడ, మోచేయి, మోకాలు అన్నీ కదులుతాయి, చేతిలో ఆయుధం ఉంటుంది. బొమ్మ కదలకుండా నేను సన్నని తీగలతో అట్టకు కట్టాను. ఆయన తిరిగొచ్చి పెట్టె తెరిచి నా ముందు పెట్టారు. తీగ ఒరుసుకుని బొమ్మ భుజాల మీద రంగు లేచిపోయింది.

“రత్నం, నీ వీరుడికి యుద్ధం చెయ్యకుండానే గాయాలయ్యాయయ్యా” అన్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. తరవాత ఆయన గురించి ఒక కష్టమైన మాట రాయాల్సి వస్తుంది కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

పెట్టె కొనేవాళ్ళు

ఆయన నేర్పనిది ఒకటి నాకు దుర్గ నేర్పింది. బీసెంట్ రోడ్డులో రంగయ్య గారి బొమ్మల కొట్టు ఉంది. అందులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న మనిషి దుర్గ. కృష్ణలంకలో తల్లితో ఉండేది. సరుకు అరల్లో సర్దడం, తిరిగొచ్చిన సరుకు చూసి తీసుకోవడం ఆమె పని. నేను ప్రతి గురువారం ఆ కొట్లో ఒక మూల గంటసేపు నిలబడేవాణ్ణి. నేను చేసిన పెట్టెల మీద జనం చేతులు ఎక్కడ పడతాయో చూడటానికి.

మొదటి రోజే దుర్గ నా దగ్గరికొచ్చింది.

“ఈ పెట్టెలు మీరు చేసినవేనాండీ? అందంగానే ఉన్నాయి గానీ, వీటికి తల బరువండీ. నిలబెడితే ముందుకి పడతన్నాయి.”

“అలాగా అమ్మా?”

“అదీగాక, తగిలించడానికని పైన కన్నం పెట్టారు చూడండి, అందరూ అక్కడే పట్టుకుని లాగుతారు. కాస్త చిరిగిందా, ఇక ఆ పెట్టె అమ్ముడుపోదు.”

“చిరిగితే ఏం? లోపల బొమ్మ బానే ఉంటుందిగా?”

ఆమె నవ్వింది. “మీరింకా ఈ బొమ్మలు పోగుచేసేవాళ్ళని చూళ్ళేదన్నమాట. వాళ్ళు పెట్టె కొంటారు సార్. బొమ్మ కూడా వస్తే సంతోషిస్తారు.”

తరవాత నేనూ చూశాను. పెద్దవాళ్ళే. బ్యాంకుల్లో, కాలేజీల్లో పనిచేసేవాళ్ళు. అరలో వెనకవైపు ఉన్న పెట్టె తీయించుకుంటారు, మూలలు వేలితో తడుముతారు, దీపం కింద పెట్టి గీతలు వెతుకుతారు. ప్లాస్టిక్ కిటికీలోంచి బొమ్మ మొహం చూస్తారు. కనుగుడ్డు మీద నల్లచుక్క వెంట్రుకవాసి పక్కకు పడితే ఆ వీరుడికి మెల్ల వచ్చేస్తుంది. అలాంటిది పెట్టేసి ఇంకోటి తీస్తారు. కొందరు ఇంటికెళ్ళగానే తెరుస్తారు. కొందరు జన్మలో తెరవరు. ఆ తెరవనివాళ్ళను చూసి మొదట్లో మా ప్రెస్సులో అందరం నవ్వుకున్నాం. నవ్వడం తప్పు. మనం మడిచిన అట్టను అంత శ్రద్ధగా చూసే మనిషి లోకంలో ఇంకెవరున్నారు?

కుంకం మరకలు

కంకిపాడు హైస్కూల్లో లెక్కలు చెప్పే శేషగిరి మాస్టారు తెరవని రకం. ఒక దసరా వెళ్ళాక, పెట్టె మీద మా ప్రెస్సు పేరు చూసి, గుడ్డసంచి పట్టుకుని వెతుక్కుంటూ వచ్చారు. సంచిలో ఆరు పెట్టెలు. ప్రతి పెట్టె మొహాన ఎర్రటి మరక.

“ఇవి పోయే మార్గం ఏదైనా ఉందాండీ?”

“ఏం మరకలండీ ఇవి?”

“కుంకం. మా అమ్మ పెట్టింది. ఆయుధపూజ రోజు కత్తిపీటకి పెట్టింది, నా బండికి పెట్టింది, ఆఖరికి స్టేప్లర్‌కి కూడా పెట్టింది. తర్వాత బీరువా తెరిచింది. ‘గదలూ కత్తులూ పట్టుకుని పన్నెండుమంది నిలబడితే వీళ్ళని వదిలేస్తావుట్రా’ అంది. నేను బజార్నుంచి వచ్చేసరికి ఆరుగురికి అయిపోయింది. మిగతా ఆరుగురికీ అడ్డం పడ్డాను.”

మా వాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు గానీ కళ్ళలో నీళ్ళున్నాయి. అట్టకు నూనె కుంకం తగిలితే పోదు. ఆ మాటే చెప్పాను.

“పోనీ ఒక పెట్టె చెయ్యలేరా? ఏడాదికోసారి తెరిచి, లోపల ఆయుధానికి బొట్టు పెట్టుకుని, మళ్ళీ ఏమీ ఎరగనట్టు మూసేసేది? ఆవిడకీ తృప్తి, నాకూ తృప్తి.”

నేను బొట్టు పెట్టే ఇంట్లో పుట్టలేదు. అయినా పనిముట్టు చేతికిచ్చినవాడికి కృతజ్ఞత చెప్పాలన్న ఆ పెద్దావిడ మనసు నాకు అర్థమైంది. ఆ రాత్రి భోజనం చేస్తూ కూడా దాని గురించే ఆలోచించాను. నెల రోజులు పట్టింది. జిగురు లేకుండా అడుగుభాగం మూతపడే పెట్టె తయారైంది. అట్టలోనే కోసిన ఒక నాలుక రెండు చీలికల్లోకి దూరి బిగుసుకుంటుంది. కింది అంచు దగ్గర రెండు పక్కలా బొటనవేళ్ళతో ఒకేసారి నొక్కితే ఊడుతుంది, తోస్తే మళ్ళీ పడుతుంది. అతుకు మీదుగా కోటగోడ రాళ్ళ బొమ్మ అచ్చువేశాం. చూసేవాళ్ళకు మామూలుగా జిగురుతో అంటించినట్టే ఉంటుంది. వంద సార్లు తెరిచి మూసినా గీత పడదు. ప్రెస్సులో దానికి దసరా మూత అని పేరు పెట్టారు.

కంపెనీవాళ్ళకు చూపిస్తే ఎగిరి గంతేశారు. అంచుకు అంటించే గుండ్రటి సీలు స్టిక్కరు పీకితే అచ్చు లేచిపోతోందని సేకరించేవాళ్ళు అప్పటికే గోల చేస్తున్నారు. ఇక స్టిక్కరు అక్కర్లేదన్నాను, తీసేశారు. ప్లాస్టిక్ వాడకం తగ్గించాలని వాళ్ళకు అంతకుముందే ఉంది. కిటికీ కూడా తీసేసి, ఆ చోట బొమ్మ ఫోటో అచ్చువేద్దామన్నారు. సరేనన్నాను.

మాస్టారు ఫోన్ చేశారు. “మూత అద్భుతమండీ. కానీ కిటికీ తీసేస్తే ఎట్లా? లోపల ఎవడున్నాడో చూడకుండా ఎట్లా కొంటాం?”

ఆదివారం బడిలో పదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఉపన్యాసం నాకు తేలిక. కాలవల్లో తేలే ప్లాస్టిక్ గురించి, దేవుడు మనకు అప్పగించిన భూమి గురించి పావుగంట చెప్పాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు కూడా లేదు.

తెరిచే కిటుకు చూపిస్తూ చిన్న వీడియో తీసి సేకరించేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంటలో రెండు వందల దణ్ణాలు వచ్చాయి. ఆ సంగతి కొట్లవాళ్ళకు కూడా చెప్పాలని మాకెవ్వరికీ తోచలేదు.

ఇది తేలిగ్గా ఉందండీ

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక గురువారం దుర్గ నన్ను గోడౌన్ వైపు పిలిచింది. ఒకే వీరుడి పెట్టెలు రెండు నా రెండు చేతుల్లో పెట్టింది.

“చూడండి సార్. ఎడమచేతిది తేలిగ్గా లేదూ?”

నాకు పెద్దగా తేడా తెలియలేదు. కాస్త ఉన్నట్టుంది.

“ఇది తిరిగొచ్చిన సరుకండీ. పుట్టినరోజుకి ఇదే ఇంకొకటి వచ్చిందని మార్చుకెళ్ళారు. తెరవలేదు, నేనే చూసి తీసుకున్నా. ఈ నెల్లో ఇట్లాంటివి మూడొచ్చాయి. మూడూ తేలికే.”

“అట్టలో తేమ అమ్మా. ఈ ఎండలకి ఆరిపోతుంది. తడి ఆరితే బరువు తగ్గదూ?”

“అంత తేడా వస్తుందాండీ?”

“ముప్ఫై ఏళ్ళ పైన అట్టతోనే బతుకుతున్నానమ్మా.”

“సరేనండీ. మీకు తెలియందా” అని పెట్టెలు తీసుకుని వెళ్ళిపోయింది.

చదివే పిల్లలకు ఒక మాట. నా ముప్ఫై నాలుగేళ్ళ పనిలో అతి పెద్ద తప్పు ఆ మూత కాదు, ఆ జవాబు. రోజుకు నూరు పెట్టెలు ఎత్తే చెయ్యి ఒకటి నాతో మాట్లాడింది. నేను నా అనుభవం చూపించి దాని నోరు మూయించాను. అప్పుడు ఆ పెట్టె అడుగున నొక్కి తెరిచి ఉంటే అంతా అక్కడితో ఆగిపోయేది. అసలు బొమ్మకు కీళ్ళలో ఇనప చీలలు ఉంటాయి, ఆయుధం కూడా లోహమే. నకిలీవి ఉత్త డొల్ల ప్లాస్టిక్. ఎవరో, ఒకరో పదిమందో నాకు ఇప్పటికీ తెలియదు, అసలు బొమ్మ కొనుక్కెళ్ళి, దాన్ని తీసుకుని నకిలీ పెట్టి, నేను నేర్పిన కిటుకుతోనే మూసి, తెరవని సరుకని కొట్లో తిరిగిచ్చేస్తున్నారు. కిటికీ ఉంటే కనబడేది. స్టిక్కరు ఉంటే పట్టుబడేది. రెండూ నేనే పోగొట్టాను.

వానలు పడ్డాక ఒక కొనుగోలుదారు పెట్టె తెరుస్తూ వీడియో తీసుకున్నాడు. లోపల మెడ తిరగని నకిలీ వీరుడు. కొట్టు పేరుతో సహా ఆ వీడియో ఊరంతా తిరిగింది.

తర్వాతి గురువారం నేను వెళ్ళేసరికి దుర్గ లేదు. రంగయ్య గారే కూర్చోబెట్టి చెప్పారు.

“పంపించేశానండీ. పదకొండేళ్ళు ఉప్పు తిని ఇట్లా చేస్తుందనుకోలేదు.”

“ఆమే చేసిందని...”

“ఇంకెవరండీ? తిరిగొచ్చిన సరుకు ముట్టుకునేది ఆవిడే. నెల కిందట నా దగ్గరికొచ్చి ‘పెట్టె తేలిగ్గా ఉంది’ అంది. మూసిన పెట్టెలో ఏముందో ఆవిడకెట్లా తెలిసిందండీ, తను మార్చకపోతే? రేపు పట్టుబడితే సాకుగా ఉంటుందని ముందే చెప్పి పెట్టుకుంది. మన వర్తకుల గ్రూపులో పేరు పెట్టి చెప్పేశా, ఎవరూ పన్లో పెట్టుకోవద్దని.” బల్ల మీది పెట్టె నా చేతికిచ్చారు. “చూడండి, మీ పెట్టెని తెరిచి మళ్ళీ ఎంత నీట్‌గా అతికించిందో. ఏం పనితనం!”

చేతిలోకి తీసుకున్న క్షణంలోనే నాకు అర్థమైంది. అడుగు మీద బొటనవేలు పెట్టాను. నొక్కలేదు. ఆయన తెప్పించిన టీ తాగి వచ్చేశాను.

పేరు లేని ప్రార్థన

సుబ్బారావు గారికి అంతా చెప్పాను. ఆయన తలుపు వేసి కూర్చున్నారు.

“దసరా సరుకు మిషన్ మీదుంది రత్నం. పెట్టె తప్పని మన నోటితో మనమే చెప్తే కంపెనీ ఆర్డరు వెనక్కి తీసుకుంటుంది. ఇక్కడ నలభై మంది ఉన్నారు, పండగ బోనస్ చూసుకుని పిల్లల ఫీజులు పెట్టుకున్నవాళ్ళు. పండగ వెళ్ళనీ. నేనే వచ్చి రంగయ్యతో మాట్లాడతా.”

“మరి ఆ అమ్మాయండీ?”

“ఇంకో కొట్లో దొరుకుతుందిలేవయ్యా. బెజవాడలో కొట్లకి కరువా?”

దొరకదని మా ఇద్దరికీ తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు. నలభై మంది మొహాలు ఆయనకు రోజూ కనబడతాయి, ఆమె మొహం కనబడదు. నాకు కనబడుతుంది. అయినా నేనూ తల ఊపాను.

మూడు వారాలు అలాగే గడిపాను. ఉపవాసం ఉన్నాను. ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చెప్పే సమయాన లేచి నిలబడి, “కష్టంలో ఉన్న ఒక సహోదరి కోసం ప్రార్థించండి, పేరు చెప్పలేను” అన్నాను. సంఘమంతా మోకరించింది. లేచాక నా గుండె తేలికైంది. ఆ తేలికదనాన్ని దేవుడిచ్చిన సమాధానం అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మూడో ఆదివారం ఆరాధన అయ్యాక మరియమ్మ మామ్మ నా చొక్కా పట్టుకుని ఆపింది. ఎనభై దాటిన మనిషి. చిన్న నోటుపుస్తకంలో పేర్లు రాసుకుని రోజూ పొద్దున్నే ఒక్కొక్కరి కోసం ప్రార్థిస్తుంది.

“ఏం బాబూ, మూడు వారాల నుంచి పేరు చోట గీత గీసి ఉంచా. ఎవరా పిల్ల?”

“చెప్పకూడదు మామ్మా.”

“కష్టమేంటో చెప్పు పోనీ.”

“దొంగతనం అంటగట్టారు.”

“చేసిందా?”

“లేదు.”

“లేదని నీకెట్లా తెలుసు?”

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని నా మొహంలోకి చూసింది. “తెలిసినవాడివి నువ్వుండగా ఇంకా ఆయన్ని కూడా అడగడమెందుకు?” అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మూడు పెట్టెలు

సోమవారం కొట్టు తెరవగానే వెళ్ళాను. సుబ్బారావు గారికి చెప్పి వెళ్ళలేదు. రంగయ్య గారి బల్ల మీద మూడు కొత్త పెట్టెలు పెట్టమన్నాను.

“ఇప్పుడివెందుకండీ పొద్దున్నే?”

“ఒక్క నిమిషం అటు తిరిగి కూర్చోండి.”

ఆయన విసుక్కుంటూనే తిరిగారు. ఒక పెట్టె నొక్కి తెరిచి, వీరుణ్ణి తీసి నా సంచిలో వేసుకుని, కొట్లోనే ఉన్న నకిలీని అందులో పెట్టి మూశాను.

“వీటిల్లో ఏది తెరిచానో చెప్పండి.”

అటూ ఇటూ తిప్పారు, కళ్ళజోడు పెట్టుకున్నారు, దీపం కిందికి తీసుకెళ్ళారు. మధ్యది అన్నారు. కాదు. చివరిది అన్నారు. కాదు. మొదటిదాన్ని ఆయన ముందు పెట్టి, ఈసారి చూస్తుండగా తెరిచాను. నకిలీ వీరుడు బల్ల మీద పడ్డాడు.

“ఇది పెట్టె గుణమండీ. నేనే చేశాను. ఎట్లా తెరవాలో వీడియో పెట్టింది కూడా నేనే. ఊళ్ళో ఎవరైనా చెయ్యగలరు. ఆ అమ్మాయి చెయ్యలేదు. అసలు పసిగట్టింది ఆమే. ముందు నాకే చెప్పింది, నేను కొట్టిపారేశాను.”

రంగయ్య గారు ఆ పెట్టెను తనే రెండుసార్లు తెరిచి మూసి చూశారు. “సరే లెండి. రమ్మని చెప్పండి. పన్లోకి తీసుకుంటాం” అన్నారు.

“గ్రూపులో కూడా చెప్పండి.”

“చెప్తాలెండి.”

చెప్పారు. నాకు చూపించారు కూడా. ‘మా కొట్టు విషయంలో చిన్న పొరపాటు జరిగింది, అందరూ గమనించగలరు.’ అంతే. నింద వేసినప్పుడు పేరు రాశారు, ఇంటిపేరుతో సహా. దిద్దినప్పుడు పేరు రాయలేదు. రాయమని రెండుసార్లు అడిగాను. “అర్థమవుతుంది లెండి అందరికీ” అన్నారు.

అదే నోటితో

ఆ మధ్యాహ్నం కృష్ణలంక వెళ్ళాను. దుర్గ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. స్టూలు వేసింది. జరిగిందంతా చెప్పాను. చేట ఆపకుండా విన్నది.

“రమ్మన్నారమ్మా, రంగయ్య గారు.”

“నేను వెళ్ళనండీ.”

“కోపం వద్దమ్మా.”

“కోపం కాదండీ. రేపు పెన్ను కనబడకపోయినా ముందు నా వంకే చూస్తారు. పదకొండేళ్ళ తర్వాత అట్లా బతకలేను.” చేట పక్కన పెట్టింది. “మీకెప్పుడు తెలిసింది సార్?”

“నిన్ను పంపించేసిన వారమే.”

“మూడు వారాలైందిగా. ఏం చేశారండీ ఇన్నాళ్ళూ?”

“నీ కోసం ప్రార్థన చేశానమ్మా. మా సంఘంతో కూడా చేయించాను.”

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

“దేవుడి దగ్గర తెరిచిన నోరేగా సార్. అదే నోటితో ఆ రోజు ఆయన బల్ల దగ్గర ఒక్క మాట అనుంటే, నాకింత జరిగేది కాదుగా.”

లోపల్నుంచి ఆమె తల్లి “ఎవరే?” అని కేక వేసింది. “పెట్టెలు చేసే సారమ్మా” అంది దుర్గ. నాకు మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు

పెట్టె సంగతి తెలిసి దసరా సరుకును కంపెనీ వెనక్కి పంపింది. జిగురుతో, కిటికీతో అన్నీ మళ్ళీ చేశాం. ఆ ఏడు ప్రెస్సులో బోనస్ సగమే ఇచ్చారు. సుబ్బారావు గారు నాతో మాట్లాడటం మానేశారు, నేను రిటైరైన రోజు చెయ్యి కలిపారు గానీ కళ్ళు కలపలేదు. ఆ నలభై మందిలో కొందరు ఇప్పటికీ నన్ను చూసి మొహం తిప్పుకుంటారు. వాళ్ళ కోపం న్యాయమే. మొదటి రోజే చెప్పి ఉంటే అచ్చు సగం దగ్గర ఆగేది, నష్టం అంత ఉండేది కాదు.

సేకరించేవాళ్ళు కొత్త పెట్టెను తిట్టారు, తెరిస్తే అట్ట చిరిగిపోతోందని. చిరగాలి. అది నా చివరి అభిప్రాయం. తెరిచిన పెట్టె తెరిచానని చెప్పాలి. కొనేవాళ్ళ ముచ్చట తీర్చడం మన పనే, కానీ మన పెట్టె ఎవరెవరి చేతుల మీదుగా వెళుతుందో వాళ్ళందరి మంచీ చెడూ మన పనే. డిజైన్ చూపించేటప్పుడు కంపెనీ యజమానికి చూపిస్తాం, కొనేవాళ్ళకు చూపిస్తాం. అరల్లో సర్దే మనిషికి కూడా చూపించండి. వాళ్ళు ‘ఇదేదో తేడాగా ఉంది’ అంటే చదువు పక్కనపెట్టి పెట్టె తెరవండి.

శేషగిరి మాస్టారు జరిగింది విని తన పన్నెండు పెట్టెలూ తెరిచేశారు. వీరులు ఇప్పుడు ఆయన పుస్తకాల అలమరలో నిలబడి ఉన్నారు, కత్తికీ గదకూ కుంకంతో. “మా అమ్మ గెలిచింది లెండి” అన్నారు. ఈ కథలో ఎవరైనా సంతోషంగా ఉన్నారంటే ఆ పెద్దావిడే.

దుర్గకు బీసెంట్ రోడ్డులో పని దొరకలేదు. ఏడాదిగా కంకిపాడులో ఒక బట్టల కొట్లో చేస్తోంది. పొద్దున్నే బస్సులో నిలబడి వెళుతుంది, చీకటిపడ్డాక వస్తుంది. ఒకసారి బస్టాండులో కనబడితే పలకరించాను. “బానే ఉన్నానండీ” అంది. బస్సు రాగానే జనంతో పాటు ఎక్కి, కమ్మీ పట్టుకుని నిలబడింది.

చదివినవాళ్ళు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. మీది ఏ గుడైనా, ఏ సంఘమైనా ఫరవాలేదు. మీకు తెలిసిన నిజం ఒకటి ఎవరికైనా చెప్పాల్సింది మిగిలి ఉంటే, ముందు వెళ్ళి అది చెప్పి రండి. నేను ఆగుతాను.

తండ్రీ, కృష్ణలంకలో ఉండే దుర్గ దొంగతనం చెయ్యలేదు. ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు, ఇది చదివినవాళ్ళకు ఇప్పుడు తెలిసింది. బీసెంట్ రోడ్డులో ఆమె పేరు ఎత్తిన ప్రతిచోటా ఈ మాట కూడా వినబడేలా చెయ్యి. ఈ సాయంత్రం బస్సులో ఆమెకు కూర్చోవడానికి చోటు దొరకనివ్వు. ఆమేన్.